గుర్తు చేయలేదేం?

సంజీవరావు బీమా ఆఫీసులో గుమాస్తా. ఆయన పనేమిటయ్యా అంటే, గడువు దగ్గరపడ్డ వాళ్ళందరికీ ప్రీమియం కట్టమని గుర్తు చేస్తూ నోటీసులు పంపడం. కంకిపాడులో ఏదో ఒక రైతు తన తేదీ తాను మరిచిపోతే మరిచిపోవచ్చు గానీ, ఈయన మరిచిపోడు. ఆఫీసులో అందరూ మెచ్చుకునేవాళ్ళు, సంజీవరావు బుర్రంటే బుర్రే అని. ఆ బుర్ర సాయంత్రం గుణదలలో బస్సు దిగేసరికి ఎక్కడ పోయేదో మేరీమాతకే తెలియాలి. ఇంట్లో గ్యాసు నిండుకున్నా, డాబా కారినా, చెక్క బీరువాకు చెదలు పట్టినా, భార్య వైపు తిరిగి ఆయన అనే మాట ఒక్కటే.

"నువ్వు గుర్తు చేయలేదేం?"

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంటారు. ఆ బల్లికి కాస్త సిగ్గయినా ఉంటుంది. ఈ బల్లి తొట్టిలో పడ్డాక, తొట్టి ఇక్కడెందుకు పెట్టావని ఎలిజబెత్‌ను నిలదీసేది.

ఎలిజబెత్ పుట్టిల్లు ఉయ్యూరు దగ్గర పల్లె. తండ్రి చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. చెరుకు క్రషింగు మొదలు కాకముందే ప్రతి మిషనుకూ నూనె పెట్టాలి, ఆగిపోయాక పెట్టి లాభంలేదు అని ఆయన ఇంట్లో కూడా అంటుండేవాడు. ఆ మాట వింటూ పెరిగిన పిల్ల గుణదల కొండ కింద ఈ డాబా ఇంటికి కోడలిగా వచ్చింది. వచ్చిన ఏడాదికే ఇంటిని నడిపే బాధ్యత చల్లగా ఆమె నెత్తిన పడింది. ఎవరూ అప్పగించలేదు. ఎవరూ అడగలేదు కూడా. వానలకు ముందు డాబా మీద తూములు చూసుకోవడం, పైట్యాంకు కడిగించడం, గ్యాసు గొట్టం మార్పించడం, పండగలకు ముందు వెల్ల వేయించడం, ఇవన్నీ ఎప్పుడెప్పుడు చేయించాలో ఆమె తలలో తిరుగుతూ ఉండేవి. పని చేసినా చేయకపోయినా గుర్తుపెట్టుకోవడం మాత్రం ఆమె వంతు. గుర్తుపెట్టుకోవడం కూడా ఒక పనేనని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. మన ఇళ్ళలో ఎవరికి తోచింది గనక?

తొంభైల్లో ఒక మట్టలాదివారం సంగతి ఆమె జన్మలో మరిచిపోదు. అప్పటికి కాలువలకు నీళ్ళు కట్టేసి కొన్నాళ్ళయింది. ఏలూరు కాలువలో నీళ్ళున్నన్నాళ్ళు గుణదల బోర్లకు ఢోకా ఉండదు. ఎండాకాలం కాలువ కట్టేశారంటే బోరులో నీళ్ళు పాతాళానికి దిగుతాయి. అప్పుడు మోటారు కాసేపు వేసి ఆపేయాలి, మళ్ళీ నీరు ఊరనివ్వాలి. వేసి మరిచిపోతే ఉత్త గొట్టం పీల్చి పీల్చి మోటారు కాలిపోతుంది. ఈ సంగతి గుణదలలో తెలియనివాళ్ళు లేరు. సంజీవరావుకూ తెలుసు. ఆ ఉదయం ఆయనే మోటారు వేసి, పేపరు పట్టుకుని వరండాలో కూర్చున్నాడు.

ఎలిజబెత్ గుడి నుంచి ఈతమట్ట చేత్తో పట్టుకుని గేటు తీసేసరికి కాలిన వాసన గుప్పుమంది. పెరట్లో మోటారు చచ్చి ఊరుకుంది. సంజీవరావు పేపరు మడిచి, భార్యను చూసి, నిజంగానే నొచ్చుకుంటూ అన్నాడు: "వెళ్ళేముందు ఒక్క మాట గుర్తు చేసి పోవచ్చుగా?"

గుడికి వెళ్ళిన మనిషిది తప్పట! పక్కనే కూర్చున్న మనిషిది కాదట! ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. అయినా వెళ్ళి మోటారు మెకానిక్‌కు కబురు పెట్టింది. అతనెక్కడుంటాడో కూడా ఆమెకే తెలుసు మరి.

ఆ మంట లోపలే రాజుకుంటూ ఉండిపోయింది. కూతురు శాలిని హైస్కూల్లో చేరాక ఎలిజబెత్‌కు మధ్యాహ్నాలు కాస్త ఖాళీ దొరికింది. బెంజ్ సర్కిల్ దగ్గర కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరింది. "ఈ వయసులో కంప్యూటరేంటే?" అని అత్తగారు తెరేసమ్మ బుగ్గలు నొక్కుకుంది. పక్క బల్లల మీద ఇంటర్ తప్పిన పిల్లలు. వాళ్ళ మధ్య కూర్చుని ఎలిజబెత్ పట్టుబట్టి నేర్చుకుంది. నేర్పిన హేమసుందర్ అంతా చూసి, "మీరు మాకన్నా బాగా ప్రోగ్రాములు రాస్తున్నారండీ మేడమ్" అని ఊరికే అనలేదు. ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు కంప్యూటర్ చెప్పే ఉద్యోగం వచ్చింది. టెంపరరీ. ఏటా ఏప్రిల్‌లో తీసేసి, జూన్‌లో మళ్ళీ పిలుస్తారు. పిలిస్తే పిలిచినట్టు, లేకపోతే లేదు.

రెండువేల రెండులో హేమసుందరే విడిభాగాలు కూర్చి ఒక కంప్యూటర్ తయారుచేసి ఇచ్చాడు. అది హాల్లో టీవీ పక్కన కొలువుదీరింది. దానిమీద ఆమె రాసిన మొదటి సొంత ప్రోగ్రాం ఇంటి గురించే. తలలో ఇన్నేళ్ళుగా తిరుగుతున్న పనులన్నిటినీ ఒక్కొక్కటిగా దించి దాంట్లో పెట్టింది. ఏ పని ఎన్ని నెలలకోసారి చేయాలి, ఎవరిని పిలవాలి, వాళ్ళ ఫోన్ నంబరేమిటి, ఇంట్లో ఎవరు చేయాలి, అన్నీ అందులో ఉన్నాయి. రోజు వచ్చేసరికి తెర మీద ఎర్రగడి వెలుగుతుంది. కింద రెండు మీటలు: "అయింది", "తర్వాత". తర్వాత అని నొక్కితే మర్నాడు మళ్ళీ అడుగుతుంది. అయింది అని నొక్కితే గడి పచ్చబడి, మళ్ళీ దాని కాలం వచ్చేదాకా ఆ ఊసెత్తదు. కాలువ కట్టే రోజు ఏటా మారుతుంది గనక, అదొక్కటి మాత్రం పేపర్లో చూసి తనే సరిచేసుకునేది.

హేమసుందర్ అప్పటికి ఇంటర్నెట్ సెంటర్ పెట్టాడు. ప్రోగ్రాం చూసి ముచ్చటపడి, "ఇలాంటివి నెట్‌లో ఫ్రీగా ఇస్తున్నారు మేడమ్. మీ వివరాలిస్తే వాళ్ళే ఈమెయిల్ పంపుతారు. ఎందుకింత శ్రమ?" అన్నాడు.

"మా ఇంట్లో సెప్టిక్ ట్యాంకు నిండిందో లేదో ఎక్కడో ఉన్న కంపెనీవాడికి ఎందుకయ్యా? ఇవాళ ఫ్రీ అంటాడు, రేపు వాడి దుకాణం మూసేస్తే నేనెవర్ని అడగాలి? అయినా ఈమెయిల్ చూసే మొహమా మా ఆయనది! మా ఇంటిది మా హాల్లోనే ఉండాలి. చెప్తే వినపడాలి" అంది ఎలిజబెత్.

వినపడాలంటే ఎర్రగడి చాలదు. ఒక సెలవురోజు తలుపులేసుకుని, మైకు పెట్టుకుని, ఒక్కో పనికీ తన గొంతే రికార్డు చేసి పెట్టింది. "ఏవండీ, గ్యాసు గొట్టం మార్చి రెండేళ్ళయింది." "ఏవండీ, వానలొస్తున్నాయి, డాబా తూముల్లో చెత్త తీయించండి." స్పీకరు టీవీ నెత్తిన పెట్టింది. పొద్దున్నే ఆ పిలుపు విని తెరేసమ్మ మొదటిసారి వంటింట్లోకి తొంగిచూసి, కోడలు అక్కడే పప్పు కడుగుతుంటే ఉలిక్కిపడింది. సంజీవరావు మాత్రం ఆఫీసులో గొప్పలు చెప్పుకున్నాడు, మా ఇంట్లో కంప్యూటరే అన్నీ చూసుకుంటుందని. చూసుకునేది కంప్యూటరట! మరి ఆ గొంతు ఎవరిది?

అలా ఏడాది గడిచింది. ఎర్రగడి వెలగడం, ఆయన "తర్వాత" నొక్కడం, చివరికి ఆమే ఆ పని చేయించి "అయింది" నొక్కడం. కనీసం గుర్తు చేయలేదన్న మాట మాత్రం తప్పింది.

అంతలో స్కూలువాళ్ళు ఒక కబురు చెప్పారు. వచ్చే జూన్ నుంచి కంప్యూటర్ టీచరు పోస్టు పర్మనెంటు చేస్తారు. కానీ హైదరాబాద్‌లో ఆరువారాల ట్రైనింగు చేసి, పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చినవాళ్ళకే. తేకపోతే వేరే మనిషిని చూసుకుంటారు. ఏటా ఏప్రిల్ వచ్చేసరికి గుండె పట్టుకుని కూర్చునే బతుకు తప్పాలంటే ఇదొక్కటే దారి. ట్రైనింగు జనవరిలో మొదలై, ఫిబ్రవరి పదో తేదీన పరీక్షతో అయిపోతుంది.

"ఫిబ్రవరి పదా?" అంది తెరేసమ్మ. "తిరునాళ్ళ పెట్టుకుని?"

గుణదలలో ఇల్లున్నవాళ్ళకు ఫిబ్రవరి అంటే మాత తిరునాళ్ళే. మూడురోజులు కొండ కింద ఇసకేస్తే రాలనంత జనం. దివిసీమ నుంచి, కైకలూరు నుంచి, ఎక్కడెక్కడి చుట్టాలో వచ్చి దిగుతారు. కొండ ఎక్కి, కొబ్బరికాయ కొట్టి, కొవ్వొత్తి వెలిగించుకుని, మళ్ళీ మన ఇంటికే వస్తారు. ఏ ఇల్లు చూసినా చాపలే, ఏ వరండా చూసినా సంచులే. తెరేసమ్మ చెల్లెలు మార్త అయితే కోడళ్ళతో, మనవలతో సహా మూడురోజులూ అక్కడే మకాం. ఇంతమంది వస్తారు గనక జనవరిలోనే సెప్టిక్ ట్యాంకు లారీని పిలిపించి ఖాళీ చేయించాలి. తిరునాళ్ళ మొదలయ్యాక పిలిచినా లాభంలేదు. జనం కోసమని దారులన్నీ మూసేస్తారు, సైకిలు కూడా దూరదు. గుణదలలో కాపురముండే ప్రతి ఇంటికీ తెలిసిన లెక్క ఇది.

"నువ్వు వెళ్ళు ఎలిజబెత్" అన్నాడు సంజీవరావు, చాలా ఉదారంగా. "నువ్వు లేకపోతే ఏం? నీ గొంతుందిగా."

ఆమె వెళ్ళేముందు అన్నీ సరిచూసుకుంది. సెప్టిక్ లారీ రోజును ఇంకో వారం ముందుకు జరిపింది. దాని మాటను మళ్ళీ రికార్డు చేసింది: "ఏవండీ, సెప్టిక్ ట్యాంకు లారీకి ఫోన్ చేయండి. నంబరు ఈ గడి కిందే ఉంది. తిరునాళ్ళ మొదలైతే బండి రాదు." ఇంతకంటే ఎవరైనా ఎలా చెప్తారు? నోట్లో ముద్దపెట్టి, నమిలి కూడా పెట్టాలా? హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్న శాలినిని చూసి, దండం పెట్టుకుని రైలెక్కింది.

హైదరాబాద్ హాస్టల్ నుంచి ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది.

"అన్నీ అయ్యాయాండీ?"

"తెర మీద ఒక్క ఎర్రగడి లేదు. అన్నీ పచ్చగా ఉన్నాయి" అనేవాడు సంజీవరావు.

"లారీ వచ్చిందా?"

"అయిందని ఉంది."

ఆ మాటకు ఎలిజబెత్ ఎంత పొంగిపోయిందని! పెళ్ళయినప్పటి నుంచి మొదటిసారి ఆమె తలలో ఇల్లు తిరగడం ఆగింది. పాఠాలు వింటే పాఠాలే వినపడ్డాయి. తోటివాళ్ళతో కలిసి చార్మినార్ చూడ్డానికి వెళ్ళి గాజులు కొనుక్కుంది. తను రాసిన నాలుగు వరసలు తన ఇంటిని నిలబెడుతున్నాయని, తను లేకపోయినా ఇల్లు ఇల్లులా ఉందని మురిసిపోయింది. పాపం.

తొమ్మిదో తేదీ పొద్దున వార్డెన్ గదికి ఫోనొచ్చింది. ఎలిజబెత్ చేతిలో పుస్తకంతోనే పరుగెత్తింది. మర్నాడే పరీక్ష.

"ఎలిజబెత్, కొంప మునిగింది" అన్నాడు సంజీవరావు. మాట వరసకు కాదు, నిజంగానే మునిగింది. నిన్నటి నుంచి మరుగుదొడ్డిలో నీళ్ళు దిగడంలేదు. పొద్దున్నకు లోపలిదంతా పైకి తన్నింది. బాత్‌రూమ్ దాటి వరండా దాకా వచ్చింది. ఇంటినిండా చుట్టాలు. మార్త పిన్ని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వాకిట్లో నిలబడింది. పక్కవాళ్ళ ఇళ్ళు కూడా చుట్టాలతో కిటకిట. ముసలమ్మలు కూడా యాత్రికుల కోసం కట్టిన తాత్కాలిక దొడ్ల దగ్గర వరసలో నిలబడుతున్నారు.

"లారీ వచ్చిందన్నారుగా?" అంది ఎలిజబెత్. ఆమెకింకా అర్థం కాలేదు.

"ఏ లారీ?"

"అయిందని ఉందన్నారు. అయిందని నొక్కింది ఎవరు?"

"నేనే నొక్కా. ఆస్ట్రేలియాలో మ్యాచ్ జరుగుతుంటే పొద్దున్నే ఒకటే గోల, ఏవండీ ఏవండీ అని. నాలుగు రోజులు తర్వాత, తర్వాత అని నొక్కా. ఆ తర్వాత అయిందని నొక్కా."

"లారీవాడికి ఫోన్ చేయకుండానే?"

తర్వాత ఆయన ఏమన్నాడో వినండి. సిగ్గుతో అన్నాడనుకుంటారేమో, కాదు. కాస్త నిష్ఠూరంగా అన్నాడు.

"చెప్పింది నువ్వేగా! నీ గొంతేగా అది! లారీ సంగతి అంత గుర్తున్నదానివి, అక్కణ్ణించే వాడికి ఫోన్ కూడా చేసి ఉంటావు, చేసేది కూడా నువ్వే అనుకున్నా."

ఎలిజబెత్‌కు అప్పుడర్థమైంది. ఇన్నాళ్ళూ తన గొంతు ఆ హాల్లో అరుస్తుంటే, ఆ మనిషికి అది తన పని చెప్పినట్టు వినపడలేదు. భార్య తన పని తాను గొణుక్కుంటున్నట్టు వినపడింది. ఇన్నేళ్ళూ అలాగే వినపడిందన్నమాట. మనిషి నోటితో చెప్పినా అంతే, మిషను నోటితో చెప్పినా అంతే. దున్నపోతు మీద వాన కురిస్తే దున్నపోతయినా ఒకసారి ఒళ్ళు విదిలిస్తుంది.

"ఇప్పుడా లారీవాడి నంబరెంత?" అన్నాడాయన.

"మీరు నొక్కిన మీట పక్కనే ఉంది."

"ఇప్పుడు నంబరుండి ఏం లాభంలే, దారులు మూసేశారు. నువ్వు సాయంత్రం బండెక్కి వచ్చెయ్. పొద్దున్నకల్లా ఇక్కడుంటావు. నాకేం తోచడంలేదు. పిన్నీవాళ్ళకు ఏం చెప్పాలో తెలీక, కంప్యూటర్లో మా ఆవిడ ఏదో తప్పు రాసిందని చెప్పా. పరీక్షదేముంది, మళ్ళీ రాయొచ్చు."

ఆడలేక మద్దెల ఓడన్నాడట! మళ్ళీ రాయడానికి ఆ పరీక్ష మళ్ళీ ఏడాదికి గాని రాదు. జూన్‌లో ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ఆ సంగతి ఆయనకు వంద సార్లు చెప్పింది. చెప్పింది ఆమేగా, అందుకే గుర్తులేదు.

కానీ నిజం చెప్పాలి. కోపం ఎంత ఉన్నా ఆమె కాళ్ళు అప్పటికే గది వైపు తిరిగాయి. ఏ బట్టలు సర్దాలి, ఎన్నింటి రైలు, ఇంటికెళ్ళగానే బ్లీచింగ్ పౌడరు ఎక్కడ దొరుకుతుంది, చుట్టాలను ఎవరింట్లో సర్దాలి, అన్నీ తలలో గిర్రున తిరగడం మొదలుపెట్టాయి. ఇన్నేళ్ళ అలవాటు ఊరికే పోతుందా? "సరే, నేను..." అనబోయింది.

అవతల ఫోను ఎవరో లాక్కున్నారు.

"అమ్మాయ్! వస్తున్నావా?" తెరేసమ్మ గొంతు.

"అత్తయ్యా, ఏం చేయమంటారు మరి..."

"వచ్చావంటే ఆ దొడ్డి ఎవరు కడగాలో తెలుసుగా? నువ్వే. ఈ ఇంట్లో ఇంకెవరి చేతులూ వంగవు. రామాకు."

ఎలిజబెత్ రిసీవరును చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకుంది.

"నీ మీద ప్రేమతో అంటున్నాననుకునేవు, అదేం కాదు. తిరునాళ్ళకు కోడలు ఇంట్లో లేకపోవడం నాకేం బాలేదు. కానీ ఆ నాలుగు రోజులూ నీ గొంతు అరుస్తానే ఉంది. చెవిలో జోరీగలా నేనూ విన్నా. వీడూ విన్నాడు. విని పేపరు తిప్పాడు. వీళ్ళ నాన్నా అంతే. నలభై ఏళ్ళు నేను గుర్తు చేస్తానే ఉన్నా, పోయేముందు రోజు కూడా మందు ఎందుకియ్యలేదన్నాడు ఆ మహానుభావుడు. అడుసు తొక్కింది వాడు, కాలు వాణ్ణే కడుక్కోనీ. నువ్వు పరీక్ష రాసి రా. రాయకుండా వచ్చావంటే గేటు తీయను."

ఫోను పెట్టేసింది. ఎలిజబెత్ వార్డెన్ గదిలో కుర్చీ లాక్కుని కూర్చుంది. కళ్ళు తుడుచుకుని పుస్తకం తెరిచింది. మర్నాడు పరీక్ష రాసింది. ఎలా రాసిందంటే, కోపంతో రాసింది. ప్రశ్న ప్రశ్నకూ పళ్ళు కొరుకుతూ రాసింది. కోపానికి తలలో అనవసరమైనవన్నీ కాలిపోయి కావలసినవే మిగులుతాయని అప్పుడే తెలిసింది.

ఆమె తిరిగొచ్చేసరికి తిరునాళ్ళ అయిపోయింది, లారీ వచ్చి వెళ్ళింది, ఇల్లంతా ఫినాయిలు వాసన. సంజీవరావు చేతులు బ్లీచింగ్‌కు పొక్కిపోయి ఉన్నాయి. మూడురోజులూ లుంగీ ఎగ్గట్టుకుని బకెట్లతో ఆయనే ఎత్తిపోశాడట, తెరేసమ్మ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని చూస్తుండగా. మార్త పిన్ని మాత్రం దివిసీమ అంతా చాటింపు వేసింది, కోడలి కంప్యూటర్ వల్ల అక్కవాళ్ళ ఇల్లు కంపుకొట్టిందని. నిందంటే అదీ. ఎవరు నొక్కారో, ఎవరు మానారో ఎవరికీ అక్కర్లేదు. నింద ఎప్పుడూ గుర్తుపెట్టుకున్నవాళ్ళ ఇంటికే నడిచివస్తుంది.

ఆ రోజు అన్నాలయ్యాక సంజీవరావు పొక్కిన చేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ, రాజీకొచ్చిన మనిషిలా అన్నాడు: "పోన్లే. ఈసారి ఇంకాస్త గట్టిగా అరిచేట్టు పెట్టు."

ఎలిజబెత్ వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది. తన గొంతు రికార్డులను ఒక్కొక్కటే వెతికి తీసేసింది. "ఏవండీ గ్యాసు గొట్టం" పోయింది. "ఏవండీ డాబా తూములు" పోయింది. అన్నీ పోయాక మైకు తీసి భర్త ముందు పెట్టింది.

"చెప్పండి."

"ఏం చెప్పాలి?"

"మీరు చేయాల్సిన పనులు. మీ పేరు పెట్టి, మీ గొంతుతో."

"నాకు నేను చెప్పుకోవడమేంటే, పిచ్చా? ఎవరన్నా వింటే నవ్వుతారు."

"ఊళ్ళోవాళ్ళందరికీ చెప్తారుగా నోటీసులిచ్చి. మీకూ ఒకటి ఇచ్చుకోండి."

ఆయన తల్లి వైపు చూశాడు. తెరేసమ్మ జపమాల పక్కనపెట్టి, "చెప్పరా" అంది. అంతే. సంజీవరావు గొంతు సవరించుకున్నాడు. మొదట సణిగాడు, ఎలిజబెత్ మళ్ళీ చెప్పించింది. నమిలాడు, మళ్ళీ చెప్పించింది. చివరికి ఆఫీసులో మాట్లాడే గొంతు వచ్చింది, ఖణీమని. ఆ గొంతే కావాలంది ఆమె.

సర్టిఫికెట్ వచ్చింది. జూన్ నుంచి పర్మనెంటు అని స్కూలువాళ్ళు చెప్పారు. అయినా ఆమె కోపం తగ్గలేదు. సర్టిఫికెట్ వస్తే పోయే కోపం కాదది.

ఏప్రిల్ వచ్చింది. కాలువలు కట్టేశారని పేపర్లో పడింది. స్కూళ్ళు ఒంటిపూట. ఆ పొద్దున ఎలిజబెత్ వంటింటి గడప దగ్గర కూర్చుని జడ వేసుకుంటోంది. సంజీవరావు మోటారు వేసి, వరండాలో పేపరు తెరిచాడు. హాల్లోంచి ఖణీమని గొంతు లేచింది.

"సంజీవరావ్! కాలువ కట్టేశారు. మోటారు వేస్తే దాని దగ్గరే నిలబడు. పేపరు తర్వాత చదవచ్చు."

తెరేసమ్మ ఫక్కున నవ్వింది. సంజీవరావు ఉలిక్కిపడి లోపలికి చూసి, అదేదో తనకు కానట్టు మళ్ళీ పేపరులో తల దూర్చాడు. పెరట్లో మోటారు శబ్దం సన్నబడింది. నీళ్ళు రానప్పుడు అలా కీచుమంటుంది. ఎలిజబెత్‌కు అది గోడ అవతలనుంచే తెలుస్తుంది. ఆమె ఒళ్ళంతా లేవమంది. ఇన్నేళ్ళూ లేచింది కదా. జడ చివర రబ్బరు బ్యాండు వేసుకుంటూ కూర్చుంది.

"సంజీవరావ్! కాలువ కట్టేశారు. మోటారు వేస్తే దాని దగ్గరే నిలబడు."

అప్పుడు తగిలింది వాసన ఆయన ముక్కుకు. పేపరు విసిరేసి, చెప్పులు కూడా లేకుండా పెరట్లోకి పరుగెత్తి స్విచ్చి ఆపాడు. మోటారు మీద చెయ్యిపెట్టి అబ్బా అని వెనక్కి లాక్కున్నాడు. ఇంకాస్త ఆగితే అదీ పోయేదే. చెయ్యి ఊదుకుంటూ, ఇన్నేళ్ళ అలవాటే నోటికొచ్చి, ఇంట్లోకి గట్టిగా అరిచాడు.

"ఎలిజబెత్! ఒక్క మాట గుర్తు చేయొచ్చుగా?"

ఎలిజబెత్ లేచింది. హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుంది. పెరటి గుమ్మం దాకా వచ్చి, కాలిన చెయ్యి పట్టుకుని నిలబడ్డ మొగుణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది.

"చెప్పింది మీరేగా" అంది. "చేసేది కూడా మీరే అనుకున్నా."

స్కూలుకు టైమవుతోందని వెళ్ళిపోయింది.